'నిర్జన తీరం' అనే అబద్ధం

మారిషస్ దీవికి వెళ్లి వచ్చిన ఒక రచయిత యాత్రావ్యాసం ఈ మధ్య చదివాను. పేరు చెప్పను, తప్పు ఆయన ఒక్కడిదే అయితే ఈ వ్యాసం రాసే పనే లేదు. నెమలికంఠం రంగు నీళ్లు, పిండి ఆరబోసినట్టున్న ఇసుక, కనుచూపు మేర మనిషి జాడ లేని తీరం - ఈ మూడింటినీ పేజీల తరబడి తిప్పి తిప్పి వర్ణించి, ఆఖరున మన కాకినాడ సముద్రాన్ని తలుచుకుని ఆయన సిగ్గుపడ్డాడు. మనది బురద సముద్రమట.

అందమంటే అభ్యుదయవాదులకు కడుపుమంట అనే ఆరోపణ పాతదే. అందుచేత ముందే మనవి చేసుకుంటున్నాను: ఆ నీళ్లు అందంగా లేవని నేననడం లేదు. నేనూ కుర్రతనంలో ఏకాంత సాగరం మీద పద్యాలు కట్టినవాణ్ణే. ఆ పద్యాల్లో పడవ వుండేది, పడవ నడిపేవాడు వుండేవాడు కాదు. ఆ జబ్బు ఎలాంటిదో తెలిసినవాణ్ణి గనుకనే మాట్లాడుతున్నాను.

మొదట రంగు సంగతి చూద్దాం. నీరు ఎర్రని కాంతిని పీల్చుకుని నీలాన్ని వదిలిపెడుతుంది. లోతు తక్కువై, అడుగున తెల్లని ఇసుక వుంటే, ఆ కాంతి తిరిగి పైకి వచ్చి మన రచయితను మురిపించిన రంగవుతుంది. ఆ ఇసుక ఏమిటి? పగడపు జీవులు తరతరాలుగా కట్టుకున్న గూళ్లు అలల కింద నలిగిన పొడి. పగడాన్ని కొరికి తినే చిలుకచేపలు విసర్జించినది కూడా అందులో కొంత వుంటుంది. ఇక నీళ్లు అద్దంలా వుండడానికి కారణం, వాటిలో కంటికి కనబడని నాచు తక్కువ కావడం. నాచు తక్కువ కావడానికి కారణం, దానికి కావలసిన పోషకాలు తక్కువ కావడం. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో కలకబారిన మన సముద్రం చేపకు తిండి పెట్టే సముద్రం. మనవాడు సిగ్గుపడింది తిండిని చూసి!

కాకినాడ పక్కనే కోరంగి వుంది. పందొమ్మిదో శతాబ్దంలో అది రేవు. బానిసత్వం రద్దయ్యే వేళకు మారిషస్ చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా ఆ దీవిలో దింపారు. వాళ్లలో కోరంగి రేవున ఓడలెక్కిన తెలుగువాళ్లున్నారు. చెరకు వేయడానికి ముందు భూమిలోని నల్లరాళ్లు ఏరి పోగులు పెట్టినదీ కూలీలే. ఆ రాళ్ల గుట్టలు ఇప్పటికీ పొలాల మధ్య నిలబడివున్నాయి. ఉగాది నాడు మారిషస్‌లో ప్రభుత్వ సెలవు. ఇది మన రచయిత కూడా రాశాడు, గర్వంగా. మరి ఉగాది అక్కడికి ఏ ఓడ మీద వెళ్లిందని అడగడానికి ఆయనకు తోచలేదు. ఏ బురద నీళ్లను చూసి ముక్కు మూసుకున్నాడో, ఆ నీళ్ల మీదనే వెళ్లింది.

మనుషులను చెరిపేసి దీవిని చూపించడం మన రచయిత కనిపెట్టిన విద్య కాదు. 1788లో బెర్నార్డెన్ ద సాంపియేర్ అనే ఫ్రెంచి రచయిత ఇదే దీవి మీద 'పాల్, వర్జీనీ' కథ రాసి యూరపునంతా ఏడిపించాడు. అందులో ఇద్దరు అమాయకపు పిల్లలు, పారిపోయి వచ్చిన ఒక బానిస స్త్రీని ఎంతో దయతో తిరిగి యజమాని దగ్గరికే తీసుకుపోయి క్షమించమని బతిమాలుతారు! ప్రకృతిని చూసి కరిగిపోయే హృదయం మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతుందో ఆ కథే చెబుతుంది.

నైరుతి మూల లె మోర్న్ అనే కొండ వుంది. తోటలనుంచి పారిపోయిన బానిసలు దాని గుహల్లో దాక్కునేవారు. 1835లో విడుదల వార్త చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు శిఖరం మీదనుంచి దూకి చనిపోయారని అక్కడి జనం చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చింది. దాని పాదాల దగ్గర ఇప్పుడున్నవి విలాసపు హోటళ్లు. ఆ పక్కనే 'సముద్రం అడుగున జలపాతం' అనే వింత వుంది. నిజానికి అక్కడ జలపాతం ఏదీ లేదు. ఇసుకా ఒండ్రూ లోతులోకి జారుతుంటే, హెలికాప్టరులో కూచున్నవాడికి అలా భ్రాంతి కలుగుతుంది. డబ్బిచ్చి పైకి ఎగిరినవాడికి లేని జలపాతం కనిపిస్తోంది, పక్కనున్న కొండ కథ కనిపించడం లేదు.

తీరం నిర్జనంగా ఎలా వుంటోందో చూడండి. తీరం పొడుగునా 81.21 మీటర్ల పట్టీ, ఫ్రెంచి వలస పాలననాటి ఏర్పాటు ప్రకారం, ప్రభుత్వ భూమి. ఆనాడది దీవి రక్షణకోసం. ఇవాళ అందులో మంచి తావులు హోటళ్లకూ, కలవారి విడిది ఇళ్లకూ కౌలుకు పోయాయి. అలలు తడిపే ఇసుక చట్టప్రకారం అందరిదే; ఆ ఇసుక దాకా నడిచే దారి మాటేమిటి? పొంపొనెట్ అనే చోట ప్రజలదిగా ప్రకటించివున్న తీరాన్ని ఆ జాబితానుంచి తీసి హోటలుకు అప్పగించినప్పుడు జనం తిరగబడ్డారు. 'మా తీరాలు దొంగిలించడం ఆపండి' అనే అర్థం వచ్చే క్రియోలు మాటలనే పేరుగా పెట్టుకుని ఒక సంఘం అక్కడ పోరాడింది. హోటళ్లవల్ల ఉద్యోగాలు వచ్చాయి గదా అంటారు. వచ్చాయి, కాదనను. తెల్లవారకముందే లేచి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు ఎత్తి, నిన్నటి అడుగుల గుర్తులు చెరిపి ఇసుక చదును చేసేవాడిదీ ఉద్యోగమే. మనిషి జాడ లేకుండా చేయడమే ఆ మనిషి పని.

2020 జూలై 25న వకాషియో అనే జపాను యజమానుల ఓడ ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బకెక్కింది. ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల చమురు ఆ నీళ్లలో కలిసింది. అప్పుడు ఊళ్లకు ఊళ్లు ఒడ్డుకు వచ్చాయి. ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కుక్కి, బారుగా కుట్టి, చమురుకు అడ్డకట్టలు కట్టారు. తాతలు కొట్టిన చెరకు మనవలకు అలా పనికివచ్చింది. ఆ రోజుల ఫోటోల్లో తీరం నిర్జనంగా లేదు. మోకాళ్ల దాకా నల్లబడిన మనుషులతో నిండివుంది. యాత్రావ్యాసంలో ఇది ఒక్క వాక్యం కూడా లేదు.

ఇక మూడో వాదం వుంది, అన్నిటికన్నా మర్యాదస్తుల వాదం: మనుషులు లేకపోతేనే సముద్రం బాగుపడుతుంది అని. సరే, ఆ వాదం అమలు జరిగిన చోటికి పోదాం. మారిషస్‌కు ఈశాన్యంగా చాగోస్ దీవులున్నాయి. ప్రపంచంలో అతి స్వచ్ఛమైన నీళ్లున్న చోట్లలో అదొకటని శాస్త్రజ్ఞులంటారు. అక్కడ కొబ్బరి తోటల్లో పనిచేస్తూ, ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల సంతతీ, భారతీయ కూలీల సంతతీ కలిసి తరాలుగా జీవించారు. 1965లో, మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వక మునుపే, బ్రిటను ఆ దీవులను విడగొట్టి 30 లక్షల పౌన్లు చేతిలో పెట్టింది. మరుసటేడు డీగో గార్షియాను సైనిక స్థావరానికి అమెరికా వాడుకునేట్టు ఒప్పందం జరిగింది. అక్కడ స్థిరమైన జనాభా లేదు, వున్నవాళ్లు వచ్చిపోయే కూలీలే అని లోకానికి చెప్పాలని లండను అధికారులు కాగితాల మీద నిర్ణయించుకున్నారు. 'నిర్జన తీరం' అనే మాట కవి కలంలోనుంచే కాదు, ఇలా గుమాస్తా కలంలోనుంచి కూడా పుడుతుంది. 1968-73 మధ్య పదిహేను వందల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. వాళ్ల పెంపుడు కుక్కలను కొబ్బరి ఎండబెట్టే కొట్లో పెట్టి పొగతో చంపారు. మారిషస్ మురికివాడల్లో పడిన ఆ మనుషులు తమవాళ్ల చావులకు చెప్పే కారణాల్లో 'సాగ్రెన్' అనేది ఒకటి. అంటే దిగులు.

2010 ఏప్రిల్ 1న బ్రిటను ఆ నీళ్లను, 6 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా, సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. స్థావరం వున్న డీగో గార్షియాను మాత్రం అందులో చేర్చలేదు. గాలం వేసుకునే జాలరి పగడానికి ప్రమాదం, బాంబర్లు దిగే రన్‌వే ప్రమాదం కాదు! ఈ ప్రకటన చట్టవిరుద్ధమని 2015లో అంతర్జాతీయ మధ్యవర్తి మండలి చెప్పింది. దీవులను విడగొట్టడమే అన్యాయమని, బ్రిటను తన పాలనను వీలైనంత త్వరగా ముగించాలని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం ఇచ్చింది. 2025 మే 22న బ్రిటనూ మారిషసూ సంతకాలు చేసిన ఒప్పందం దీవుల మీద సార్వభౌమత్వం మారిషస్‌దేనన్నది; ఆ ఒప్పందంలోనే స్థావరానికి 99 ఏళ్ల ఏర్పాటూ వుంది. కౌలు మాట మళ్లీ వచ్చింది చూశారా?

పగడాన్ని కాపాడవద్దని నేను చెప్పడం లేదు. వేడెక్కే సముద్రంలో తెల్లబడి చచ్చిపోతున్న పగడాన్ని కాపాడవలసిందే. కాని దాన్ని కాపాడే హక్కు ఒడ్డున బతికేవాడికి లేదనీ, తరిమినవాడికి వుందనీ ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను. మన సాహిత్య విద్యార్థులు 'ఏకాంతం', 'నిర్మలం', 'నిర్జనం' అనే మాటలు రాసేముందు ఆ చోటునుంచి ఎవరు వెళ్లారో, ఎవరు పంపారో ఒక్కసారి వెతికి చూడాలి. యాత్రావ్యాసాలు అచ్చువేసే సంపాదకులకు కూడా నా విన్నపం ఇదే.

2006 ఏప్రిల్‌లో సుమారు వంద మంది చాగోస్‌వాళ్లను, ముప్పై ఏళ్లు దాటిన తరువాత, ఓడలో తమ దీవులు చూడనిచ్చారు. వెళ్లినవాళ్లు తల్లిదండ్రుల సమాధులు వెతుక్కుని, వాటిని శుభ్రం చేసి, పూలు పెట్టారు. వుండిపోవడానికి అనుమతి లేదు. అందరినీ తిరిగి ఓడ ఎక్కించారు.