ఆవపిండి ఉండగా పచ్చి గుడ్డెందుకు?

ముసునూరు మామిడితోటల నడుమ వేసవిలో ఆవకాయ పెట్టని ఇల్లు అరుదు. మూడవనాడు తిరగకలిపేటప్పుడు జాడీలోకి తొంగిచూడండి. ఉప్పుకు ముక్కలనుండి దిగిన పుల్లని ఊట ఒకటి, నూనె మరొకటి. సహజంగా కలవని ఈ రెండూ చిక్కని గుజ్జుగా నిలిచాయంటే, అది చాలావరకు ఆవపిండి చలవ.

మెత్తని ఆవ రేణువులను నీరూ తడుపుతుంది, నూనె కూడా తడుపుతుంది. అందుచేత అవి రెండింటి సరిహద్దున చేరి, నూనె బిందువుల చుట్టూ కవచం కట్టి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా అడ్డుకొంటాయి. ఆవలోని జిగురు, మాంసకృత్తులు వాటికి తోడ్పడతాయి. ఘనరేణువులు ఇట్లు ఎమల్షన్‌ను నిలబెడతాయని ఇంగ్లండులో రామ్స్‌డెన్ 1903లో, పికరింగ్ 1907లో ప్రకటించారు. నేటికీ ఇటువంటివాటిని పికరింగ్ ఎమల్షన్లనే అంటారు.

మయోనైజ్ కూడా ఎమల్షనే. అక్కడ ఈ పని గుడ్డుసొనది. పచ్చి సొనను ఉడికించక, గిలకొట్టి, గంటల తరబడి ఎండవేడిలో ఉంచి వడ్డిస్తే సాల్మొనెల్లా క్రిములకు విందు చేసినట్లే. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినది ఈ ముప్పు చూసే.

“నిమ్మరసం పిండుతాంగా, క్రిములు చావవా?” అంటారు. నాలుకకు ఇంపైనంత పులుపు మీద ఆ భరోసా పెట్టుకోరాదు. “గుడ్డు లేనిదే చిక్కబడదు” అంటారు. ఇది శుద్ధ అబద్ధం. కాచి చల్లార్చిన పాలు, నూనె, నిమ్మరసం, చెంచాడు ఆవపిండి కలిపి గిలకొట్టి చూడండి. అయితే దానినీ ఫ్రిజ్‌లోనే ఉంచాలి, త్వరగా వాడేయాలి. ఆవపిండి నూనెను పట్టి ఉంచుతుందే గాని, పచ్చి గుడ్డులోని క్రిమిని చంపుతుందని నమ్మి మోసపోకండి.

అట్లని ఆవకాయను రాశిగా వడ్డించుకొమ్మని నేననను. జాడీని చెడకుండా కాపాడే ఉప్పే రక్తపోటు రోగికి కీడు. రోజు మొత్తంమీద ఉప్పు 5 గ్రాములకు లోపుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

తినేముందు దుకాణదారుని అడగండి: ఇందులో పచ్చి గుడ్డు ఉన్నదా? జవాబు తడబడితే ముట్టకండి. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు అసలే పెట్టకండి. తిన్నాక జ్వరం, నెత్తుటి విరేచనాలు, మూత్రం తగ్గడం కనిపిస్తే సొంతవైద్యం మాని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చవక రుచికోసం ప్రాణం పణంగా పెట్టవలసిన అగత్యం మనకు లేదు.