లేహ్ ఎప్పుడు మారుమూల ఊరయింది?

దేశ రాజధానిలో లడఖ్ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక విశేషణం తప్పక వినవస్తుంది. అది ‘మారుమూల’ అన్న మాట. మంత్రిత్వ శాఖల ప్రకటనల్లోనూ, పార్లమెంటు ప్రసంగాల్లోనూ, మావంటి విలేకరుల రాతల్లోనూ ఆ మాట తోడు లేకుండా లేహ్ పేరు రావడం అరుదు. మారుమూల కనుక వెనుకబడినదనీ, వెనుకబడినది కనుక కేంద్రం దయతో బతకవలసినదనీ, పైగా సరిహద్దు కనుక గొంతు పెంచరాదనీ సాగే ఈ వాదం ఒకదానిపై ఒకటి పేర్చిన రాళ్లవంటిది. వాటిలో అడుగు రాయిని ఒకసారి కదిపి చూడవలసిన అగత్యం 2025 సెప్టెంబరు 24 తర్వాత ఏర్పడింది. రాష్ట్ర ప్రతిపత్తినీ, ఆరవ షెడ్యూలు రక్షణలనూ కోరుతూ సాగిన ఆందోళన ఆనాడు లేహ్‌లో హింసగా మారింది. పోలీసు కాల్పుల్లో నలుగురు మరణించారు. వారిలో ఒకరు మాజీ సైనికుడు.

లేహ్ పుట్టుకతో మారుమూల ఊరు కాదని చరిత్ర చెబుతోంది. సముద్రమట్టానికి పదకొండున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న ఈ చిన్న పట్టణం శతాబ్దాలపాటు నాలుగు దారుల కూడలి. పడమట జోజిలా కనుమ మీదుగా శ్రీనగరం, దక్షిణాన బారాలాచా, రోహ్‌తాంగ్ కనుమల మీదుగా కులూ, పంజాబు, తూర్పున సింధునది వెంట టిబెట్టు, ఉత్తరాన కారకోరం కనుమ దాటితే యార్కండ్. భారతదేశపు నూలు బట్టలు, నీలిమందు, సుగంధ ద్రవ్యాలు, పగడాలు ఈ దారిన ఉత్తరానికి పోయేవి. అటునుంచి పట్టు, తివాచీలు, వెండి, బంగారం, చరస్ వచ్చేవి. టిబెట్టు పీఠభూమి మేకల మెత్తని ఉన్ని లేహ్ చేరి, అక్కడినుంచి కాశ్మీరు శాలువల మగ్గాలకు వెళ్లేది. 1870లో వైస్రాయి లార్డ్ మేయో, కాశ్మీరు మహారాజు రణబీర్ సింగ్ ఒప్పందం కుదుర్చుకుని ఈ వర్తకమార్గ పర్యవేక్షణకు లేహ్‌లో ఉమ్మడి కమిషనర్లను నియమించారంటే, ఆ కాలపు రాజధానులు ఈ పట్టణానికి ఎంత విలువనిచ్చాయో ఊహించవచ్చును.

అయితే ఒప్పందాలు రాజులవి, వర్తకం కుటుంబాలది. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున్న కారకోరం కనుమ మీదుగా నెలకు పైబడిన ప్రయాణం. దారి పొడవునా చనిపోయిన గుర్రాల ఎముకలే బాటసారులకు గుర్తులుగా ఉండేవని నాటి యాత్రికులు రాశారు. అటువంటి దారిలో సరకు పంపేవాడికి పోలీసులు లేరు, కోర్టులు లేవు. ఉన్నది మాట ఒక్కటే. ఆ మాటను నిలబెట్టేది ఇంటి పేరు. తండ్రి అప్పు కొడుకు తీర్చడం, ఒకరి సరకును మరొకరి గిడ్డంగి భద్రపరచడం వంటి మర్యాదల మీదనే ఆ బజారు నిలిచింది.

ఆ కుటుంబాలు ఎవరివి? హోషియార్‌పూర్ నుంచి వచ్చిన పంజాబీ హిందూ వర్తకులు లేహ్‌లో కొట్లు పెట్టి, యార్కండ్‌లో సైతం ప్రతినిధులను నిలిపారు. కాశ్మీరు నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు లడఖీ స్త్రీలను వివాహమాడి అక్కడే స్థిరపడ్డారు. వారి సంతతిని అర్ఘోన్లు అంటారు. బిడార్లు నడపడంలో వారిది అందె వేసిన చేయి. దారిలోని నుబ్రా లోయ బౌద్ధ రైతులు గుర్రాలకు మేత, మనుషులకు వసతి సమకూర్చేవారు. మొరేవియన్ క్రైస్తవ మిషనరీలు 1885లో లేహ్ చేరారు. ఆ మిషన్‌కు చెందిన ఫ్రాంకే 1904లో అక్కడ ఒక పత్రికను ప్రారంభించారు. పదిహేడవ శతాబ్దపు రాజప్రాసాదం నీడలో, అదే శతాబ్దంలో కట్టిన జామా మసీదు నేటికీ బజారు తలమీద నిలిచి ఉన్నది. ఆ బజారులో నడిచినప్పుడు నాకు తోచింది ఇదే: ఈ ఊరిని కట్టింది ఒక జాతి కాదు, ఒక మతమూ కాదు. పరస్పర అవసరం కట్టింది.

దీనికి లోప్‌చక్ బిడారుకు మించిన నిదర్శనం లేదు. 1684 నాటి సంధి ప్రకారం లడఖ్ నుంచి మూడేళ్లకొకసారి కానుకలతో ఒక బిడారు లాసాకు వెళ్లాలి. బౌద్ధరాజు తరఫున బౌద్ధ ధర్మపీఠానికి వెళ్లే ఈ బిడారును కాలక్రమంలో లేహ్‌కు చెందిన ముస్లిం వర్తక కుటుంబాలు నడిపాయి. లడఖ్‌ను డోగ్రాలు జయించిన తర్వాత కూడా ఈ ఆచారం ఆగలేదు. ఆ కుటుంబాలలో ఒకదానికి చెందిన అబ్దుల్ వాహిద్ రాధు ఈ ప్రయాణ జ్ఞాపకాలను గ్రంథస్థం చేశారు. మతసామరస్యం గురించి ఢిల్లీలో జరిగే సభలకు పిలవదగిన సాక్షి ఆ బిడారు.

మన తెలుగు పాఠకులకు మరొక పేరు బాగా తెలుసు. 2020 జూన్‌లో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబుతో సహా ఇరవైమంది భారత సైనికులు గల్వాన్ లోయలో ప్రాణాలర్పించారు. ఆ లోయకు ఆ పేరు గులాం రసూల్ గల్వాన్ అనే లేహ్ మనిషి వల్ల వచ్చింది. పేద ఇంట పుట్టి, ఐరోపా యాత్రికుల వెంట కూలిగా బయలుదేరి, బిడారు నాయకుడుగా ఎదిగినవాడు. ఆయన ఆత్మకథ 1923లో ఇంగ్లండులో అచ్చయింది. సరిహద్దు మీద మన హక్కుకు పటంలో ఒక ఆధారం చూపవలసి వచ్చినప్పుడు అక్కడ కనిపిస్తున్నది ఒక బిడారు మనిషి పేరు. ‘మారుమూల’ వాసి మన పటానికిచ్చిన కానుక అది.

ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడడం నా ఉద్దేశం కాదు. బిడార్ల వర్తకంలో చరస్ ముఖ్యమైన సరకు. బరువులు మోయడానికి గ్రామస్థులను వెట్టికి పట్టేవారు. లాభం బజారుకు, భారం పొలానికి దక్కిన సందర్భాలు అనేకం. కాని ఒకటి మాత్రం నిజం. ఆ వ్యవస్థలో లేహ్ ప్రజలు ఇచ్చేవారుగా, పుచ్చుకునేవారుగా నిలబడ్డారు. చేయి చాచినవారుగా కాదు.

ఈ ద్వారాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1947-48 యుద్ధంతో కార్గిల్, స్కర్దూల మధ్య దారి తెగింది. 1949లో సిన్‌కియాంగ్ కమ్యూనిస్టుల వశం కావడంతో యార్కండ్ మార్గం మూతపడింది. 1962 చైనా యుద్ధంతో టిబెట్టు వర్తకం ముగిసింది. పదిహేనేళ్లలో నాలుగు దారుల కూడలి కాస్తా దారి చివరి ఊరయింది. కార్గిల్‌లో మున్షీ అజీజ్ భట్ 1920లో కట్టించిన సరాయి ఈ మార్పుకు మూగసాక్షి. బిడార్లు ఆగిన తర్వాత అందులో సరకు దశాబ్దాలపాటు మూటల్లోనే ఉండిపోయింది. మనుమల తరం ఆ మూటలు విప్పి, జీనులు, తివాచీలు, ఐరోపా సరకులు, వర్తక పత్రాలతో 2004లో ఒక ప్రదర్శనశాల నెలకొల్పింది. ప్రభుత్వం చేయవలసిన పనిని ఒక కుటుంబం తన ఇంటి ఖర్చుతో చేసింది.

బిడార్లు ఆగిన తర్వాత లేహ్‌లో మిగిలిన పెద్ద వ్యాపారి ఎవరు? ప్రభుత్వమే. 1948 మే నెలలో ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని లేహ్‌లో దింపి పట్టణాన్ని కాపాడాడు. ఆ ఋణం ఎవరూ కాదనరు. తర్వాత సైన్యం, రోడ్లు, ఉద్యోగాలు, రేషను వచ్చాయి. 1974లో విదేశీ పర్యాటకులకు ద్వారాలు తెరిచారు. అయితే ఊరంతటికీ ఒకే దుకాణం ఉన్నచోట వరుసలో తోపులాట తప్పదు. శతాబ్దాలు కలిసి వర్తకం చేసిన బౌద్ధులు, ముస్లింల మధ్య ప్రభుత్వ వనరుల పంపకం పేరిట అపనమ్మకం పెరిగింది. 1989 నుంచి 1992 వరకు లేహ్‌లో ముస్లింలపై సాంఘిక బహిష్కారం సాగింది. ఒకే ఇంట రెండు మతాల బంధువులున్న పట్టణంలో ఇది జరిగింది. దీనిని మతోన్మాదమని ఒక్కమాటలో తేల్చి చేతులు దులుపుకోవడం సులభం. పరస్పర అవసరం పోయినచోట పరస్పర మర్యాద కూడా సడలుతుందన్నది నేను తీసుకునే పాఠం.

అందువల్లనే ఇటీవలి ఉద్యమంలో ఒక విశేషాన్ని ఢిల్లీ సరిగా గుర్తించలేదనుకుంటాను. 2019 అక్టోబరు 31న లడఖ్ కేంద్రపాలిత ప్రాంతమైనప్పుడు లేహ్ పండుగ చేసుకుంది, కార్గిల్ నిరసించింది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే లేహ్ అపెక్స్ బాడీ, కార్గిల్ డెమోక్రటిక్ అలయెన్స్ ఒకే కోర్కెల పత్రంతో కేంద్రం ముందు కూర్చున్నాయి. బౌద్ధులు, ముస్లింలు మళ్లీ ఒకే పద్దు రాసుకున్నారన్నమాట. భూమి, ఉద్యోగం, శాసనాధికారం ఆ పద్దులోని అంశాలు. కేంద్రం అసలే కదలలేదనడం న్యాయం కాదు. 2025 జూన్‌లో స్థానికులకు ఉద్యోగాలలో 85 శాతం రిజర్వేషను, స్థిరనివాస నిబంధనలు ప్రకటించింది. సెప్టెంబరు కాల్పుల తర్వాత అక్టోబరులో చర్చలను పునరుద్ధరించింది. కాని ఉద్యోగం ఇవ్వడం ఒకటి, ఇంటి యజమానిగా గుర్తించడం మరొకటి.

2023లో కేంద్ర మంత్రివర్గం లడఖ్‌లోని 13 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ ప్రాజెక్టుకు లైన్ల నిర్మాణాన్ని ఆమోదించింది. అంచనా వ్యయం ఇరవై వేల కోట్ల రూపాయలకు పైమాటే. దేశానికి విద్యుత్ కావాలి, సందేహం లేదు. అయితే ఖాళీగా కనిపించే ఆ మైదానాలు పష్మీనా మేకల మేతభూములు. జోజిలా సొరంగం పనిని 2020లో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ చేపట్టింది. అది పూర్తయితే శీతకాలంలోనూ దారి తెరిచి ఉంటుంది. దారి తెరుచుకోవడం లేహ్‌కు కొత్త కాదు. ఆ దారిన వచ్చే పెద్ద పెట్టుబడి ముందు స్థానిక కుటుంబ వ్యాపారి భాగస్వామిగా ఉంటాడా, కాపలాదారుగా మిగులుతాడా అన్నదే ప్రశ్న.

ఇందుకు మన అనుభవమే ఒక పాఠం. తెలుగునాట ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల పరం కాకుండా 1970లో వచ్చిన 1/70 చట్టం అడ్డుకట్ట వేసింది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఆ స్ఫూర్తిని గనులకూ వర్తింపజేసింది. ఉల్లంఘనలు లేవని కాదు. అయినా ఆ రక్షణే లేకుంటే మన్యంలో ఏమి మిగిలేదో మన్యం ఎరిగినవారిని అడగాలి. అటువంటి రక్షణ దేశ సమైక్యతకు భంగమని ఎవరూ అనలేదు. లడఖ్‌ను ఆరవ షెడ్యూలులో చేర్చాలని 2019 సెప్టెంబరులో సిఫారసు చేసింది జాతీయ షెడ్యూల్డు తెగల కమిషనే. సొంత కమిషన్ మాటను ఆచరించడం ఏ ప్రభుత్వానికీ ఓటమి కాజాలదు.

2011 జనాభా లెక్కల ప్రకారం లడఖ్ మొత్తం జనాభా 2 లక్షల 74 వేలు. లోక్‌సభలో ఒకే ఒక్క స్థానం. ఓట్ల లెక్కలో అది ఢిల్లీకి చాలా చిన్నది. కాని ఆ కొద్దిమంది పూర్వులు చట్టం, రక్షకభటులు లేని కనుమల్లో మాట మీద వర్తకం నడిపారు. వారి సంతతి నేడు ఢిల్లీని అడుగుతున్నది కూడా మాట నిలబెట్టుకొమ్మనే. 2019 తర్వాత జరిగిన ఎన్నికల్లో రాజ్యాంగ రక్షణల గురించి ఇచ్చిన హామీలు వారికి గుర్తున్నాయి. బజారులో మాట తప్పిన వర్తకుడికి మరుసటి ఏడు సరకు దొరకదు. రాజ్యాలకు ఆ నియమం వర్తించదని రాజధాని భావిస్తే, సరిహద్దులో మనకున్న అత్యంత విలువైన సరకును, అంటే అక్కడి ప్రజల విశ్వాసాన్ని, మనమే చేజేతులా పోగొట్టుకున్నవారమవుతాము.