రెండేళ్ళ చదువు యాడికి పొయ్యింది?

మా పెద్దమ్మ కూతురు నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. బి.ఎ. నాలుగు సెమిస్టర్లు పాసయింది, ఒక్క అరియర్ కూడా లేదు. ఐదో సెమిస్టర్ మొదలైన నెలకే పెళ్ళి కుదిరింది. బావది మాలూరు. "మిగిలిన ఒక్క సంవత్సరం అక్కడే ముగించుకోవచ్చులే" అన్నారు పెద్దవాళ్ళు. అక్క కూడా నమ్మింది. ఇప్పుడు అక్క కొడుకు బడికి పోతున్నాడు. పోయిన సంవత్సరం అక్కకు మళ్ళీ ఆశ పుట్టి, మార్కుల జాబితాలు కవరులో పెట్టుకుని ఒక కాలేజీకి పోయింది. ఆఫీసులో వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వేరే రాష్ట్రం, వేరే యూనివర్సిటీ. ఫస్ట్ ఇయర్ నుంచి చేరండమ్మా" అన్నారట.

ఆ రోజు సాయంత్రం అక్క మా అమ్మకు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, నేను రెండేళ్ళు చదివింది యాడికి పొయ్యింది?" అని అడిగింది. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో తమిళం మాట్లాడతాం. ఆ రాత్రి రెండు భాషల్లోనూ ఆలోచించాం గానీ జవాబు మాత్రం దొరకలేదు.

అక్క కథ అక్కతోనే అయిపోయి ఉంటే నేను ఈ గోడపత్రికకు రాసేదాన్ని కాదు. పొంగల్ సెలవుల తర్వాత మన క్లాసులో మూడో బెంచీలో ఒక చోటు ఖాళీ అయింది కదా. అందరికీ తెలుసు, పేరు రాయను. ఫోన్లు తయారుచేసే కంపెనీలో చేరింది. మన తాతల, నాయనల కాలంలో హోసూరు ఫ్యాక్టరీ అంటే లారీలు, మోపెడ్లు, వాచీలు. ఇప్పుడు ఫోన్లు, వాటికి ఎక్కువగా మన వయసు ఆడపిల్లలనే తీసుకుంటున్నారు. ఆమె ఇంట్లో అప్పు ఉంది, పోయింది. దానికి తప్పు పట్టే హక్కు నాకు లేదు. పోయే ముందు "మళ్ళీ ఎప్పుడైనా ముగిస్తాలే" అన్నది. మా అక్క అన్న మాటే అది. నాకు భయం వేసింది.

పాసైన పేపర్లు ఎవరివి? పరీక్ష రాసింది మనం, ఫీజు కట్టింది మన ఇంటివాళ్ళు, దిద్దింది యూనివర్సిటీ. మధ్యలో ఆపితే అవన్నీ సున్నా అయిపోవాలని ఎక్కడ ఉంది?

ఇంజనీరింగువాళ్ళను చూడండి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన పిల్లవాడు నేరుగా బి.ఇ. రెండో సంవత్సరంలో చేరవచ్చు. లేటరల్ ఎంట్రీ అంటారు. మా వీధిలోనే ఇద్దరు అట్లా చేరినారు. డిప్లొమాలో వాళ్ళు చదివిన లెక్కలు, డ్రాయింగు బి.ఇ.లో ఒక సంవత్సరానికి సరిపోతాయని ప్రభుత్వమే ఒప్పుకుంది. వేరే రకం చదువు చదివినవాడికి ఒక సంవత్సరం మినహాయింపు ఉంటే, అదే బి.ఎ. రెండేళ్ళు చదివిన అక్కకు ఒక్క రోజు కూడా ఎందుకు లేదు?

అమెరికాలో అయితే ఇది మామూలు విషయం. అక్కడ 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియట్ అనే ఊళ్ళో మొదలైన జూనియర్ కాలేజీ నుంచి ఈ పద్ధతి పెరిగింది. ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఫీజుతో రెండేళ్ళు చదివి, సుమారు 60 క్రెడిట్లు సంపాదించి, వాటితో పెద్ద యూనివర్సిటీలో చేరి మిగిలిన రెండేళ్ళు ముగిస్తారు. డబ్బు లేనివాళ్ళు డిగ్రీ తెచ్చుకునే దారి అది. అక్కడ కూడా కొన్ని క్రెడిట్లు పోతుంటాయి గానీ, ఎక్కువమందిని మొదటి నుంచి చదవమని అనరు. మన దేశంలో కూడా కమ్యూనిటీ కాలేజీ అనే పేరు ఉంది. 1995లో పుదుచ్చేరిలో మొదలైంది, తర్వాత మన తమిళనాడులో చాలా వచ్చాయి. కానీ అవి ఎక్కువగా చేతిపని, ఉద్యోగం నేర్పే డిప్లొమాలకే.

ఇక యూజీసీ 2021లో పెట్టిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. ఏబీసీ అని మేడమ్‌లు చెప్పే ఉంటారు. బ్యాంకు ఖాతా మాదిరే, పాసైన పేపర్ల క్రెడిట్లు మన పేరు మీద అందులో జమ అవుతాయి, ఏడేళ్ళ వరకు చెల్లుతాయి. కాలేజీ మారితే తీసుకుపోవచ్చు. డిగ్రీ ఇచ్చే చోట కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. వినడానికి బాగుంది. అయితే ఖాతా తెరిచినంత మాత్రాన డబ్బు రాదు కదా, యూనివర్సిటీ క్రెడిట్లను అందులో వేయాలి, అవతలి యూనివర్సిటీ వాటిని ఒప్పుకోవాలి. ఈ రెండో పని జరగకపోతే అది అంకెలు కనిపించే ఫోను తెర మాత్రమే. అక్క చదివిన రోజుల్లో ఇది అసలు లేనే లేదు.

దీనికి ఒక ఎదురువాదన ఉంది, అది తేలికగా తీసిపారేసేది కాదు. మన రాష్ట్రం కొత్త జాతీయ విద్యావిధానాన్ని ఒప్పుకోలేదు. ఒక సంవత్సరానికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా అని ఇచ్చి పంపించే పద్ధతి పెడితే, పేదింటి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మధ్యలోనే ఆగిపోతారని ఒక వాదన. స్టాఫ్ రూములో ఒక మేడమ్ కూడా నాతో ఇదే అన్నారు: "రెండేళ్ళకే ఒక కాగితం వస్తుందంటే మీ ఇంట్లో ఇక చాలు అంటారే పిల్లా." నిజమే. మా పెద్దమ్మే అని ఉండేది. అందుకే నేను బయటికి పోవడానికి కొత్త తలుపు అడగడం లేదు. ఆ తలుపు పెళ్ళి రూపంలో, అప్పు రూపంలో ఎప్పటి నుంచో తెరిచే ఉంది. తిరిగి లోపలికి వచ్చే తలుపు గురించి అడుగుతున్నాను.

తిరిగి రావడం ఎంత ఖర్చో లెక్క వేద్దాం. ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన మనకు పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1000 రూపాయలు వస్తున్నాయి, 2022 సెప్టెంబరు నుంచి ఇస్తున్నారు. చాలామందికి బస్సు, పుస్తకాలు దాంతోనే గడుస్తాయి. దూరవిద్యలో చేరితే అది రాదు. పాసైన పేపర్లే మళ్ళీ రాయాలంటే ఆ ఫీజు కట్టాలి, ఆ రెండేళ్ళ జీతం వదులుకోవాలి, పిల్లవాడిని ఎవరి దగ్గరో వదలాలి. సగం డిగ్రీ ఉన్న మనిషికి మిగిలిన సగమే ఖర్చు కావాలి. మొత్తం ఖర్చు పెట్టమంటే ఎవరూ రారు.

మన హోసూరు, కృష్ణగిరి పిల్లలకు ఇంకో చిక్కు. మూడు రాష్ట్రాలు కలిసే చోటులో ఉన్నాం. సంబంధాలు కుప్పం, ఆనేకల్, మాలూరు, చిత్తూరు, ఎక్కడికైనా కుదురుతాయి. అత్తిబెలె నుంచే కర్ణాటక. పెళ్ళిబస్సు సులభంగా దాటుతుంది, మార్కుల జాబితా దాటదు. అవతలివాళ్ళు ముందు అడిగేది సిలబస్. మీరు చదివింది, మా దాంట్లో ఉండేది ఒకటేనా అని పోల్చి చూడాలంటారు. అక్కను కూడా ఇదే అడిగారు. అప్పటికే సిలబస్ మారిపోయింది, పాతది ఎవరి దగ్గర ఉందో అక్కకు తెలియదు. పార్ట్ 1 తెలుగు పేపర్ల పాఠ్యం అయితే తెలుగులోనే ఉంది. కుప్పంలో చదువుకుంటారు, మాలూరు ఆఫీసులో ఎవరు చదువుతారు?

దారులు అసలే లేవని కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగువాళ్ళ హైదరాబాదులోనే పుట్టింది. తర్వాత 1985లో ఇగ్నో, 2002లో తమిళనాడు సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇగ్నోలో మూడేళ్ళ బి.ఎ.ను ఆరేళ్ళ వరకు ముగించవచ్చు, వేరే చోట పాసైన పేపర్లకు క్రెడిట్ బదిలీ అడగడానికి దరఖాస్తు కూడా ఉంది. అక్కడ కూడా మార్కుల జాబితాతో పాటు సిలబస్ పెట్టాలి. మానేసిన యూనివర్సిటీలోనే తిరిగి చేరాలంటే బ్రేక్ ఆఫ్ స్టడీ అని అనుమతి అడగవచ్చు. ఈ మాట అక్కకు ఎవరూ చెప్పలేదు. నాకు కూడా అక్క కోసం వెతికితేనే తెలిసింది.

కాబట్టి మన డిపార్ట్‌మెంటును నేను అడిగేది చిన్న పని. నాలుగు సెమిస్టర్ల తెలుగు పేపర్ల సిలబస్ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, ముద్ర వేసి బీరువాలో పెట్టండి. సిలబస్ మారినా పాతది పారేయకండి. మధ్యలో మానేసే పిల్లకు టీసీతో పాటు ఆ కాపీ కూడా చేతికివ్వండి. ఏబీసీ ఖాతాలో ఆమె మార్కులు పడ్డాయా లేదా అని ఆ రోజే చూడండి. "మళ్ళీ రా" అని చెప్పి, ఏ దరఖాస్తు పెట్టుకోవాలో రాసివ్వండి. ఇంగ్లీషు కాపీ టైపు చేసే పని నాకిచ్చినా సంతోషమే.

మూడో బెంచీ పిల్లకు బుధవారం వీక్లీ ఆఫ్. పోయిన బుధవారం బస్టాండు దగ్గర కనిపించింది. మూడు సెమిస్టర్ల మార్కుల జాబితాలు ఎక్కడ పెట్టావని అడిగితే, "అమ్మ బియ్యం డబ్బాలో పెట్టింది" అని నవ్వింది. సిలబస్ ఉందా అంటే, అది ఎందుకు అంది. వచ్చే బుధవారం కాలేజీకి రమ్మన్నాను. మధ్యాహ్నం ఒకటిన్నరకు వస్తానంది. ఆ టైముకు డిపార్ట్‌మెంటులో ఎవరైనా మేడమ్ ఉంటే బాగుంటుంది.