ఇంటి బేరం: రంగు కంటె దస్తావేజు మేలు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ పైభాగాన నాలుగు మేలిరకం కాయలు కనిపించినంత మాత్రాన ధర కట్టే వర్తకుడు లేడు. లోపల చేయి పెట్టి, తాలు ఎంత, తేమ ఎంత అని చూసిన తరువాతనే నోరు విప్పుతాడు. అదే వర్తకుడు తన సొంత ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మాత్రం చెమ్మ దిగిన గోడకు రంగు పూయించి, కొనేవాడు పైపైన చూసి పోతాడని ఆశిస్తాడు. ఈ ఆశే చాలా బేరాల్లో అమ్మకందారుకు నష్టం తెస్తున్నదని మా అభిప్రాయం.

ఇంటి ధరలో పెద్ద పాలు స్థలానిది. రోడ్డు వెడల్పు, మంచినీటి వసతి, వానాకాలంలో వీధిలో నీరు నిలుస్తుందా లేదా, బడి, బజారు ఎంత దూరం అనేవి అమ్మేవారి చేతిలో లేనివి. కట్టడం ఏటేటా పాతబడుతుంది, నేల పాతబడదు. పాత అపార్టుమెంటులో ఫ్లాటు కొనేవాడు సైతం తన వాటాకు ఎన్ని గజాల నేల వస్తుందని ముందు అడుగుతాడు. తూర్పు ముఖం ఇంటికి గిరాకీ హెచ్చు; వీధిపోటు ఉంటే ధర దిగుతుంది. మనకు వాస్తుపై నమ్మకం ఉన్నా లేకున్నా కొనేవారి పట్టింపును లెక్కలోకి తీసుకోక తప్పదు. ఆషాఢంలోను, మూఢంలోను బేరాలు మందగించడం మామూలే. సొమ్ము అవసరం ముందే తెలిసినవారు ఆ రోజులు రాకముందే ఇల్లు చూపడం మంచిది.

‘మేము ఇంత పెట్టి కట్టాము, అందుచేత ఇంత రావాలి’ అనేవారు చాలామంది ఉన్నారు. కోల్డు స్టోరేజీ అద్దె, వడ్డీ కలిపి చెప్పినంత మాత్రాన మిరపకు ఆ ధర పలకదని తెలిసినవారు కూడ ఇంటి విషయంలో ఇదే మాట అంటారు. అదే వీధిలో ఇటీవల ముగిసిన బేరమే అసలు కొలబద్ద. రిజిస్ట్రేషను ఖర్చులు రెండు తెలుగు రాష్ట్రాల్లోను సుమారు ఏడున్నర శాతం అవుతున్నవి. ఆ మొత్తాన్ని కూడ కలుపుకొనే కొనేవాడు తన శక్తిని లెక్కించుకుంటాడు. ధర మితిమీరి చెప్పిన ఇల్లు నెలల తరబడి నిలిచిపోతుంది. నిలవ సరుకును చూసి బజారు అనుమానిస్తుంది. చివరకు మొదట రాదగిన ధర కూడ రాదు. ఒకే ఇంటికి నలుగురు బ్రోకర్లు నాలుగు ధరలు చెప్పినా ఫలితం ఇదే.

ఇల్లు శుభ్రం చేయవద్దని మేము అనడం లేదు. కారే కుళాయి బాగుచేయించి, మూలల సామాను తీసివేసి, కిటికీలు తెరచి పగటి వెలుతురులో చూపిన ఇల్లు తప్పక మంచి ధర తెస్తుంది. లోపాన్ని బాగుచేయడం వేరు, కప్పిపుచ్చడం వేరు. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పవలసిన బాధ్యతను 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అమ్మకందారుపైనే పెట్టింది. స్లాబు కారుతున్నదని ముందే చెప్పినవాడికి మరమ్మతు ఖర్చు మేరకు ధర తగ్గవచ్చు. దాచి దొరికిపోయినవాడి ఏ మాటనూ కొనేవాడు నమ్మడు.

కొలత విషయమూ అంతే. 2016 నాటి రెరా చట్టం బిల్డర్లకు కార్పెట్ ఏరియా లెక్కను విధించింది. పాత ఫ్లాటు అమ్ముకునే వ్యక్తికి ఆ నిర్బంధం లేకపోయినా, మెట్లు, వరండాలు కలిపిన అంకె చెప్పి, తరువాత టేపు పట్టించుకొని మాట పోగొట్టుకోవడం వర్తక లక్షణం కాదు.

అన్నిటికంటె ముఖ్యం కాగితం. మూల దస్తావేజులు, తాజా ఇ.సి., మంజూరైన ప్లాను, పన్ను రసీదులు ఒక ఫైలులో సిద్ధంగా ఉంచి చూపేవాడికి బేరంలో పైచేయి ఉంటుంది. బ్యాంకు అప్పుతో కొనేవాడి ఫైలు లాయరు అభిప్రాయం లేనిదే కదలదు. మన వర్తకులలో చాలామంది ఇళ్ల దస్తావేజులు వ్యాపార ఖాతాకు హామీగా బ్యాంకులో ఉంటాయి. ఇందులో దాచవలసినది లేదు. బాకీ ఎంతో బ్యాంకు నుంచి లేఖ తెచ్చి, కొనేవాడి సొమ్ము నేరుగా ఆ బాకీకి జమ అయ్యే ఏర్పాటు చేస్తే బేరం సాఫీగా సాగుతుంది. బయానా ఇచ్చిన తరువాత ఈ సంగతి బయటపడితే, అమ్మేవాడు ఇబ్బందిలో ఉన్నాడని కొనేవాడు గ్రహించి ధర నొక్కుతాడు. సీజనులో పెట్టుబడికి ఇల్లు అమ్ముకునేవాడికి ఇంతకంటె పెద్ద దెబ్బ లేదు.

ఇక ‘కొంత తెలుపు, కొంత నలుపు’ పాత అలవాటు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడం 2015 జూన్ 1 నుంచి నిషిద్ధం; పుచ్చుకున్నంత సొమ్మూ జరిమానాగా పడే వీలున్నది. నగదులో ఎక్కువ ఇస్తామనేవారి ధర నిజానికి ఎక్కువ కాదని అమ్మేవారు గుర్తించాలి.

బ్రోకర్లకు ఒక్క మాట. రంగు వేయించమని సలహా ఇచ్చే ముందు ఫైలు అడిగి చూడండి. చూపు కొనేవాణ్ణి గుమ్మం దాకా తెస్తుంది. బేరం ముగించేది కాగితమే. ముగిసిన బేరానికే కదా కమీషను!