వరుస తెలియకపోతే తెలియదనాలి

అండమాన్‌లోని రంగత్, మాయాబందర్ పరీక్షా కేంద్రాల హాల్‌టికెట్ నంబర్ల జాబితాలు మీ చేతిలో ఉన్నాయనుకోండి. రెండూ ముందే వరుసలో ఉంటే, పైనుంచి ఒక్కో నంబరూ పోల్చుకుంటూ కలిపేయవచ్చు. మొదటి నుంచి పేర్చే పని లేదు.

2005లో వచ్చిన మెర్క్యురియల్ అనే వర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే. కోడ్‌లో చేసి భద్రపరచిన ప్రతి మార్పుకూ అది ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబర్లను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ తనది ఆరోహణమో అవరోహణమో గుర్తుంచుకుంటుంది. ఆరోహణంలో 37 కోసం వెతుకుతూ 38 కనబడితే అక్కడే ఆగిపోతుంది. లక్ష మార్పుల చరిత్రలో ఇది చిన్న ఆదా కాదు.

చిక్కల్లా ఆ గుర్తు తప్పయితేనే. కలగాపులగం జాబితాకు ‘ఆరోహణం’ అని ముద్ర వేస్తే, 38 తర్వాత ఉన్న 37ను లేదనేస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు! నెమ్మదిగా నడిచే ప్రోగ్రాం కన్నా ఇది ప్రమాదం.

చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా ఈ దీవులకు ఉపగ్రహ సంకేతాలే దిక్కు. అలాంటి చోట, చరిత్రంతా సొంత కంప్యూటర్లోనే దాచే మెర్క్యురియల్ వంటివి బాగా నప్పుతాయి. కానీ ఆ కంప్యూటరే తప్పు చెబితే? అందుకే నా అభిప్రాయంలో, వరుస ఖాయమైతేనే ముద్ర వేయాలి. సందేహముంటే ఆలస్యమైనా చివరిదాకా వెతకాలి.