మోత పెరిగితే బండికి బలం పెరగదు

ఊరు సద్దుమణిగి దీపాలార్పుకొనే వేళ మోటారు సైకిలొకటి బజారు వెంట పోతే నాలుగు వీధులు ఉలిక్కిపడి లేస్తున్నాయి. ఉయ్యాలలోని పసిబిడ్డ ఏడుపు అందుకొంటుంది. కొట్టంలోని గేదె బెదిరి పలుపు తెంచుకోబోతుంది. పరీక్షలకు చదివే పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. గుండెజబ్బుతో మంచాన ఉన్న పెద్దాయనకు మళ్ళీ నిద్ర పట్టేసరికి కోడి కూస్తుంది. బండి మాత్రం అరనిమిషంలో ఊరు దాటిపోతుంది.

ఈ మోత కంపెనీ పెట్టింది కాదు. కొన్న నెలకే అసలు సైలెన్సర్‌ను, దాని ముందుండే బెండ్ పైపును తీయించి, బజారులో దొరికే వేరే గొట్టాలు బిగించుకోవడం యువకులలో వేడుకగా మారింది. గొట్టం మారిస్తే బండి బాగా లాగుతుందని వారి నమ్మకం. అది చాలాసార్లు చెవి చేసే మోసమే. బెండ్ పైపు పొడవు, లావు ఆ ఇంజనుకు తగినట్లు లెక్కగట్టి పెట్టినవి. ఇష్టం వచ్చిన గొట్టం తగిలిస్తే తక్కువ వేగంలో లాగుడు తగ్గవచ్చు కూడా. పైగా 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 బళ్ళలో పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్, పెట్రోలు పాళ్ళను సరిచూసే ఆక్సిజన్ సెన్సార్ ఈ దారిలోనే ఉంటాయి. వాటిని కదిలిస్తే పొగలో విషం పెరుగుతుంది, పెట్రోలు పాళ్ళు తప్పుతాయి. యాక్సిలరేటర్ వదలగానే టపాకాయల్లా పేలడానికి ఇదొక కారణం.

మోత తగ్గించే మార్గం

ఇప్పటికే గొట్టాలు మార్చినవారు చేయదగ్గ పనులున్నాయి. మొదట చూడవలసింది ఇంజను హెడ్డు దగ్గర బెండ్ పైపు కూర్చునే చోటు. పాత గాస్కెట్టునే మళ్ళీ వాడితే అక్కడ సందు పడి పొగ చిమ్ముతుంది, టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంది. అతుకు చుట్టూ నల్లని మసి కనిపిస్తే లీకు ఉన్నట్లే. కొత్త గాస్కెట్టు వేసి, ఇంజను చల్లారాక నట్లను ఒకటి తర్వాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించాలి. బెండ్ పైపు, సైలెన్సర్ కలిసే చోట క్లాంపు వదులైనా ఇదే బాధ. కొన్ని సైలెన్సర్లలో శబ్దాన్ని పీల్చే గ్లాస్ వూల్ ఉంటుంది. అది కాలిపోయి డొల్లయితే మార్చాలి. చివర బిగించే డి.బి. కిల్లర్‌ను తీసి పారేసినవారు దానిని తిరిగి పెట్టించుకోవాలి. ఇవన్నీ చేసినా మోత కొంతవరకే తగ్గుతుంది. అటక మీద పడేసిన కంపెనీ సైలెన్సర్‌ను దించి బిగించుకోవడమే అన్నిటికన్నా చవకైన మందు.

చట్టం ఏమంటున్నది?

నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం, శబ్ద ప్రమాణాలు మీరిన బండిని రోడ్డుపై నడిపితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలపాటు లైసెన్సుకు అర్హత పోతుంది. నడిపినవాడే కాదు, నడపనిచ్చినవాడూ దోషే. కొడుకు చేతికి తాళంచెవి ఇచ్చే తండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అయితే పోలీసులు ప్రతి ఊరి బజారులో రాత్రంతా కాపలా ఉండలేరు. పట్నం రోడ్డు మీద నాలుగు బళ్ళు పట్టుకొని ఫొటో దిగినంత మాత్రాన పల్లెకు నిద్ర రాదు. గొట్టం బిగించేది మెకానిక్ షెడ్డులో గనుక అక్కడే ఆపడం తేలిక. కూలి డబ్బుల కోసం మెకానిక్కులు ఒప్పుకొంటున్నారనడంలో అబద్ధం లేదు. కానీ ఆ షెడ్డు పక్కనే వారి ఇల్లూ ఉంది, వారి పిల్లలూ అక్కడే నిద్రపోవాలి. అసలు సైలెన్సర్ తిరిగి బిగించే పనికీ కూలి వస్తుంది.

గ్రామ పంచాయతీలు మెకానిక్కులను, యువకులను కూర్చోబెట్టి మాట్లాడాలి. పరీక్షల రోజులు రాకముందే గడువు పెట్టాలి. అప్పటికీ వినని వారి సంగతి పోలీసులు, రవాణా శాఖవారు చూడాలి. విడి గొట్టాలు అమ్మే పట్నం దుకాణాలను వదిలేసి పల్లెటూరి కుర్రవాడి మీదే జరిమానా రాస్తే సగం పనే చేసినట్లవుతుంది. బండి మీద మోజు తప్పు కాదు. ఒకరి సరదాకు ఊరంతా జాగారం చేయవలసి రావడమే తప్పు.