ఉపకారము - స్నేహము

ఆపదలో ఆదుకొనువాడే మిత్రుడని మనము బాలబాలికలకు చిన్ననాటనే నేర్పుచున్నాము. మంచిదే. కాని ఆదుకొనిన మరునాటినుండి ఆ మైత్రి యేమగునో విచారించువారు అరుదు. చేసిన మేలు మరచుట దోషమని అందరు నెరుగుదురు. కృతజ్ఞతను అప్పువలె వసూలు చేయుటయు దోషమేయని నా అభిప్రాయము.

రేగొండ ప్రాంతమున పత్తిని, మిరపను నమ్ముకొని బ్రదుకు కుటుంబములు పెక్కు. పంట పోయిన యేట ఒక రైతు కుమారుని చదువునకు స్నేహితుడు రుసుము చెల్లించుట మన పల్లెలలో వింత కాదు. అయితే ఆ స్నేహితుడే నలుగురిలో ఆ మాట రెండుమార్లు ఎత్తెనా, పుచ్చుకొనినవాడు వీధి మార్చి నడువసాగును. చూచువారు ఆతనిని కృతఘ్నుడందురు. నిజమునకు ఆతడు తొలగిపోవుచున్నది మేలునుండి కాదు, తలవంపునుండి.

ఈ సంగతిని లోకమునకు ధైర్యముగా చెప్పిన మహనీయుడొకడు మన పాత వరంగల్లు జిల్లాలోని డోర్నకల్లులోనే జీవించెను. తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చి, పేదల నడుమ పనిచేసెను. 1912లో ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన తొలి భారతీయుడాయనయే. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించెను. పాశ్చాత్య మిషనరీల త్యాగమునకు భారత క్రైస్తవులు తరతరములు కృతజ్ఞులై యుందురని నిండు మనసుతో చెప్పెను. అంతటితో ఆగక, తమకు ఉపకారులు మాత్రమే చాలరనియు, స్నేహితులు కావలెననియు కోరెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. కాని మేలు మరచినవాడు స్నేహము నడుగడు, తొలగిపోవును. కృతజ్ఞుడే అట్లు అడుగగలడు. ఆ కోరిన మనుజుడు తానే ఆ ప్రాంతపు పేదలకు స్నేహితుడై, 1945 జనవరి 1న డోర్నకల్లులోనే కన్నుమూసెను.

ఆయన కోరికకు మూలము సువార్తలోనే కలదు. క్రీస్తు తన కడపటి రాత్రి శిష్యులను దాసులనక స్నేహితులనెను. ఆ రాత్రియే వారు చెదరిపోయిరి. పేతురు ఆయనను ఎరుగనని మూడుమార్లు బొంకెను. పునరుత్థానానంతరము తిబెరియ సముద్రతీరమున క్రీస్తు వారికొరకు నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపరచియు, వారు పట్టిన చేపలను గూడ తెమ్మనెను. ఆయనకు కొరతయా? తప్పిపోయినవారి చేతినుండి పుచ్చుకొని, వారిని మరల స్నేహితులుగా నిలుపుటకేయని నేను భావింతును. కుచేలుని కొంగున దాగిన అటుకులను శ్రీకృష్ణుడు అడిగి తినుటలోని ధర్మమును ఇదియే గదా!

కావున మేలు పొందినవాడు దానిని మరువరాదు. చేసినవాడు దానిని ఎత్తరాదు. అదియు చాలదు. చేసినవాడు అవతలివాని యింటికి పోయి పెట్టినది తినవలెను. తన కష్టమును ఆతనితో చెప్పుకొనవలెను. ఆతడు చేయగల సాయమును సంతోషముతో అడుగవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పేద విద్యార్థికి పుస్తకములిచ్చునపుడు ఆతనిని వేదికపై నిలిపి చప్పట్లు కొట్టింపకుడు. పుస్తకములతోపాటు తరగతిలో ఒక బాధ్యతను గూడ అప్పగింపుడు. విద్యార్థులారా, మీ సహాధ్యాయికి కలము నిచ్చినవారు ఆతనియొద్ద ఒక లెక్క చెప్పించుకొనుడు. ఇచ్చుట ఎరిగినవారు మనలో పెక్కురు కలరు. పేదవాని చేతినుండి పుచ్చుకొనుట ఎరిగినవాడే కష్టకాలమునకు మిగులు స్నేహితుడు.